మందు డబ్బా ఎత్తే ముందు ఒక రోజు చేనులో పిట్టలను చూడండి

చిత్త, స్వాతి కార్తెల్లో మన పొలాలకు దిగే వలస పక్షులు - వాటితో రైతుకు లాభమెంత, నష్టమెంత?

మన ఆదోని, ఎమ్మిగనూరు వైపు వలస అనే మాట వింటే ముందుగా గుర్తుకొచ్చేది సుగ్గి. ఇక్కడ పనులు సన్నగిల్లగానే ఇంటికి తాళం వేసి, మూటాముల్లె కట్టుకొని, పిల్లల్ని వెంటేసుకొని గుంటూరు వైపు మిరప కోతకో, పత్తి ఏరడానికో పోయేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మీ ఇంట్లోనే ఉండవచ్చు. వాళ్ళు పోయే దారి, వచ్చే నెల మనకు బాగా తెలుసు.

అయితే మనవాళ్ళు బయటికి పోయే రోజులకు కాస్త ముందుగానే, బయటినుంచి మన చేలకు వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. వేల కిలోమీటర్లు దాటి వస్తారు. కూలి అడగరు, బువ్వ అడగరు. పొద్దున చేనులో దిగితే పొద్దు గుంకే దాకా పురుగులూ మిడతలూ ఏరుకు తింటారు. వీళ్ళకు మనం పెట్టిన పేరు వలస పిట్టలు.

వలస పక్షులను చూడాలంటే సముద్రం ఒడ్డుకే పోవాలని చాలామంది అనుకుంటారు. సూళ్ళూరుపేట దగ్గర పులికాట్ సరస్సుకు, నేలపట్టుకు బస్సులు కట్టుకొని పోయి రాజహంసలను, గూడబాతులను చూసి వస్తారు. మంచిదే. కానీ మెట్ట రైతుకు పనికొచ్చే వలస పిట్టలు పులికాట్‌లో లేవు. అవి మన నల్లరేగడిలో, పత్తి చేలో, శనగ చేలో, వంక పక్కన బీడులో ఉన్నాయి. వాటిని చూడడానికి టికెట్టు లేదు. పొద్దున ఒక గంట, మధ్యాహ్నానికి ముందు ఒక గంట, సాయంత్రం ఒక గంట ఉంటే చాలు. ఎవరిని చూడాలి, ఎక్కడ చూడాలి, చూసినందువల్ల మందు ఖర్చు ఎట్లా తగ్గుతుంది అనేది ఈ వారం తెలుసుకుందాం.

ఇంత దూరం ఎందుకు వస్తాయి?

చలికి తట్టుకోలేక వస్తాయని చాలామంది అనుకుంటారు. అసలు కారణం తిండి. కజకస్తాన్, మంగోలియా వంటి దేశాల్లో కనుచూపు మేర గడ్డి మైదానాలు ఉంటాయి. వేసవిలో అక్కడ మిడతలకు, ఎలుకలకు కొదవ లేదు. పిట్టలు అక్కడే గూడు కట్టి, పిల్లలను లేపుతాయి. సెప్టెంబరు వచ్చేసరికి పగలు తగ్గిపోతుంది. కొద్ది రోజుల్లో మంచు పడి నేల గడ్డ కడుతుంది. మంచు కింద మిడత దొరకదు. అందుకని ఆకలి మొదలు కాకముందే బయలుదేరి దక్షిణం పడతాయి.

సరిగ్గా అదే సమయానికి మన దగ్గర వానాకాలం ముగింపుకొస్తుంది. వంకల్లో ఇంకా తడి ఉంటుంది. గడ్డి ఎదిగి ఉంటుంది. పత్తి పగులుతూ, కంది పూతకొస్తూ, ఆముదం గెలలు వేస్తూ ఉంటుంది. శనగ, పచ్చజొన్న విత్తే పనులు సాగుతుంటాయి. మిడతలకూ పచ్చపురుగుకూ ఇది పండగ కాలం. పురుగు ఎక్కడ ఉంటే పిట్ట అక్కడికే వస్తుంది. మార్చి, ఏప్రిల్ నాటికి మన నేల ఎండిపోతుంది, అక్కడ మంచు కరుగుతుంది. అప్పుడు తిరుగు ప్రయాణం. అంటే ఆరు నెలలు వాళ్ళ పొలం, ఆరు నెలలు మన పొలం.

పొద్దు పొడిచే వేళ - కాలువ గట్టున

మీ పొలం తుంగభద్ర దిగువ కాలువ కింద ఉంటే అక్కడే మొదలు పెట్టండి. గాజులదిన్నె ప్రాజెక్టు పక్కనైనా, ఊరి చెరువు కట్టపైనైనా సరే. పొద్దు పొడిచే వేళకు కరెంటు తీగల మీద వరుసగా కూర్చున్న చిన్న పిట్టలు కనిపిస్తాయి. వీపు మెరిసే నీలి నలుపు. గొంతు దగ్గర ఇటుక రంగు. తోక కత్తెరలాగా రెండుగా చీలి ఉంటుంది. ఒక్కొక్కటి తూకం వేస్తే ఇరవై గ్రాములు ఉంటుంది. అంత చిన్న ప్రాణి హిమాలయాల అవతలి నుంచి కూడా వస్తుంది. ఇవి నేల మీద ఏరుకోవు. ఎగురుతూనే దోమలను, ఈగలను, రెక్కల పురుగులను నోట పట్టుకుంటాయి. వరి మళ్ళ మీద అటూ ఇటూ దూసుకుపోయేవి ఇవే.

గట్టు మీద నడుస్తూ తోకను పైకీ కిందికీ ఆడించే సన్నటి పిట్ట ఇంకొకటి ఉంది. పెద్దవాళ్ళు దీన్ని జిట్టంగి అంటారు. తెల్లది ఉంది, బూడిద రంగుది ఉంది, పొట్ట పసుపుపచ్చగా ఉండేది ఉంది. నల్లా తెలుపూ కలిసిన పెద్ద జిట్టంగి ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటుంది. మిగతావి ఎక్కువ భాగం వలస వచ్చినవే. పసుపు జిట్టంగి పశువుల కాళ్ళ దగ్గరే తిరుగుతుంది. ఎద్దు అడుగు వేసినప్పుడు గడ్డిలోంచి లేచే పురుగును టక్కున అందుకుంటుంది. గుంటక తోలేటప్పుడు వెనకాల కొంగలతో పాటు ఇవి కూడా వస్తుంటే తరమకండి. నేలలోంచి బయటపడే పురుగులను, వాటి కోశాలను అవి శుభ్రం చేస్తున్నాయి.

ఎండ ఎక్కే వేళ - చేను మధ్యన

ఎనిమిది, తొమ్మిది గంటలకు మెట్ట చేలోకి రండి. గట్టు మీద ఒక్క చోట కదలకుండా నిలబడండి. మొదటి పది నిమిషాలు ఏమీ కనిపించదు. ఓపిక పట్టండి. మీరు అక్కడ ఉన్న సంగతి మరిచిపోయాక పిట్టలు పనిలో పడతాయి.

ముందు మన సొంత ఊరివాళ్ళను గుర్తు పట్టండి. నల్లగా, పొడుగు తోక చివర రెండు పాయలుగా ఉండేది ఏట్రింత. పసులపోలిగాడు అని కూడా పిలుస్తారు. ఎత్తైన కొమ్మ మీద కూర్చొని కిందికి చూస్తూ ఉంటుంది. పురుగు కదలగానే దిగుతుంది, అదే కొమ్మ మీదికి తిరిగి వస్తుంది. రెక్క విప్పితే నీలంగా మెరిసేది పాలపిట్ట. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభం అని మన పెద్దలు చెప్పారు. ఆలోచిస్తే ఆశ్వయుజంలో జనాన్ని ఊరి బయటికి పోయి పిట్టను చూసి రమ్మనే ఆచారం మనకు ఎప్పటినుంచో ఉంది. పాలపిట్ట తినేది ముఖ్యంగా మిడతలు, పేడపురుగులు, పెద్ద పురుగులు. శుభం సంగతి అట్లా ఉంచండి, చేనుకు లాభం మాత్రం ఖాయం. అయితే దసరాకు కొందరు దాన్ని బోనులో పెట్టి వీధి వీధి తిప్పి డబ్బులడుగుతారు. అది 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఆ పాలపిట్టకు దణ్ణం పెట్టి డబ్బులివ్వకండి. చేనులో ఉన్నదానికి పెట్టండి.

ఇప్పుడు అసలు చుట్టాన్ని చూడండి. పత్తి చేను మీద, శనగ చేను మీద మనిషి ఎత్తులో మెల్లగా తేలిపోతూ పోయే సన్నటి గద్ద కనిపిస్తే అది పిల్లి గద్ద. మామూలు గద్ద ఆకాశంలో పైపైన గిరికీలు కొడుతుంది. ఇది అట్లా కాదు. పిల్లి ఇల్లు వెతికినట్టు సాలు వెంట సాలు వెతుక్కుంటూ పోతుంది. రెక్కలు కొంచెం పైకెత్తి పట్టుకుంటుంది. మగది బూడిద రంగు, రెక్కల కొనలు నలుపు. ఆడది గోధుమ రంగు, తోక మొదట్లో తెల్లని పట్టీ. చూడడానికి రెండూ వేర్వేరు జాతుల్లా ఉంటాయి, కానీ ఆలుమగలే. వీటిలోనే రెండు మూడు రకాలు మన జిల్లాకు వస్తాయి. మూడు వందల గ్రాములకు అటూ ఇటూ బరువు. పుట్టిల్లు కజకస్తాన్ మైదానాలు.

ఇది కోడిపిల్లలను ఎత్తుకుపోతుందేమోనని భయపడేవాళ్ళు ఉన్నారు. పిల్లి గద్ద తిండి గురించి మన దేశంలో పరిశోధన జరిగింది. ఈ పక్షులు అరగని తిండిని చిన్న ఉండలుగా కక్కుతాయి. ఆ ఉండలను విప్పి చూస్తే వాటిలో ఎక్కువగా కనిపించినవి మిడతల కాళ్ళు, రెక్కలు. ఆ తర్వాత చిట్టెలుకలు, తొండలు, నేల మీద తిరిగే చిన్న పిట్టలు. ఇంటి ముందు కోడిపిల్ల జోలికి దీనికి పని లేదు. రాత్రిళ్ళు గుడ్లగూబ, పగటిపూట పిల్లి గద్ద - ఈ రెండూ చేనుకు కాపలాదారులు.

పలిస పిట్ట - దొంగా, కూలీనా?

అన్ని వలస పిట్టలూ మనకు మేలే చేస్తాయని చెబితే అబద్ధమవుతుంది. గులాబీ రంగు ఒళ్ళు, నల్లని తల, నల్లని రెక్కలు ఉన్న గోరింకలు వందల సంఖ్యలో మబ్బులాగా వచ్చి పడతాయి. పాత పుస్తకాల్లో దీనికి తెలుగు పేరు పలిస అని ఉంది. గులాబీ గోరింక అనీ అంటారు. తెల్లదొరల కాలంలో దీనికి జొన్న పిట్ట అనే పేరు కూడా పెట్టారు. ఎందుకు పెట్టారో జొన్న వేసిన రైతుకు చెప్పనవసరం లేదు. కంకి పాలు పోసుకునే దశలో గుంపు దిగితే గింజ మిగలదు.

కానీ ఈ పిట్టకు రెండో ముఖం ఉంది. మధ్య ఆసియాలో దీని ముఖ్యమైన తిండి మిడతలు. చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతంలో 1980ల నుంచి గడ్డి భూముల్లో మిడతల బెడద తగ్గించడానికి రాళ్ళు కుప్పలుగా పోసి, వీటికి గూళ్ళ వసతి కల్పిస్తూ వచ్చారు. మందు చల్లే బదులు పిట్టకు ఇల్లు కట్టించారన్నమాట. మన దగ్గర కూడా కంకి లేని రోజుల్లో ఇవి దున్నిన చేలల్లో, బీళ్ళలో పురుగులే ఏరుకుంటాయి.

కాబట్టి ఏం చేయాలి? జొన్న, సజ్జ, కొర్ర వేసినవాళ్ళు గింజ పాలు పోసుకునే దశ నుంచి గట్టిపడే దాకా, ఆ రెండు మూడు వారాలు కాపలా కాయండి. ఒక వైపు ఎరుపు, ఇంకో వైపు వెండి రంగు ఉన్న మెరుపు రిబ్బను కట్టెలకు మెలితిప్పి కట్టితే గాలికి తళతళలాడి, చప్పుడు చేసి గుంపును దిగనివ్వదు. చుట్టుపక్కల రైతులు ఒకే సమయానికి విత్తితే నష్టం ఒక్కరి నెత్తిన పడదు. విషం కలిపిన గింజలు మాత్రం చల్లకండి. ఆ గింజ తినేది పలిస ఒక్కటే కాదు. పావురం, పిచ్చుక, మీ ఇంటి కోడి కూడా తింటాయి.

పొద్దు గుంకే వేళ - బీడు దగ్గర

సాయంత్రం ఐదున్నరకు గడ్డి ఉన్న బీడు దగ్గరికి పోండి. పిల్లి గద్దకు ఒక వింత అలవాటు ఉంది. మిగతా గద్దల్లాగా చెట్టు మీద పడుకోదు. నేల మీద, గడ్డి మధ్యలో పడుకుంటుంది. పగలంతా ఒంటరిగా తిరిగినవన్నీ పొద్దు గుంకేసరికి ఒకే బీడు మీదికి చేరి, కాసేపు తిరిగి, ఒకటొకటిగా గడ్డిలో దిగిపోతాయి. అంటే చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళ చేలల్లో పని చేసిన కాపలాదారులంతా రాత్రికి ఒకే గడ్డి నేల మీద నిద్ర పోతారు. ఆ గడ్డి పోతే అన్ని ఊళ్ళకూ వాళ్ళు పోతారు.

దీనికి సాక్ష్యం మన పాత కర్నూలు జిల్లాలోనే ఉంది. మిడుతూరు మండలం రోళ్ళపాడు దగ్గర 1988లో బట్టమేక పిట్ట కోసం 614 హెక్టార్లలో అభయారణ్యం ఏర్పాటు చేశారు. 2022లో జిల్లాలు విడిపోయాక అది నంద్యాల జిల్లాలోకి పోయింది. 1980లలో అక్కడి గడ్డి నేలల్లో పిల్లి గద్దలు వందల సంఖ్యలో రాత్రి మకాం వేసేవి. బెంగళూరులోని ఏట్రీ అనే పరిశోధన సంస్థ వాళ్ళు ఇలాంటి మకాములను ఏళ్ళ తరబడి లెక్కిస్తూ వచ్చారు. అప్పటి సంఖ్యలు ఇప్పుడు లేవని, బాగా తగ్గిపోయాయని వాళ్ళు గమనించారు. గడ్డి నేలలు దున్నుడు కిందికి పోవడం, చేలల్లో మందుల వాడకం పెరగడం దీనికి కారణాలుగా చెబుతున్నారు. ఎవరి కోసం అభయారణ్యం పెట్టారో ఆ బట్టమేక కూడా అక్కడ కంటికి కనిపించకుండా పోయింది. ఒకప్పుడు మెట్ట చేలల్లో మిడతలు తింటూ నడిచిన అంత పెద్ద పక్షి, మన కళ్ళ ముందే లేకుండా పోయింది.

మిడతకు కొట్టిన మందు

పిట్టల మీద ఎవరూ మందు కొట్టరు కదా, మరి అవి ఎట్లా చస్తాయని మీరు అడగవచ్చు. దీనికి జవాబు అర్జెంటీనా దేశంలో 1995-96లో దొరికింది.

అమెరికా, కెనడాల నుంచి ఒక రకం గద్దలు చలికాలంలో అర్జెంటీనాకు వలస పోతాయి. మన పిల్లి గద్దలాగే అక్కడి పొలాల్లో మిడతలు తిని బతుకుతాయి. ఆ ఏడాది లూసర్న్ గడ్డిలో, పొద్దుతిరుగుడులో మిడతలు ఎక్కువయ్యాయని రైతులు మోనోక్రోటోఫాస్ కొట్టారు. మందు తగిలిన మిడత వెంటనే చావదు. మత్తుగా పడి కొట్టుకుంటూ ఉంటుంది. గద్దకు అంతకంటే సులువైన తిండి ఏముంటుంది? ఒక్కొక్కటి పదుల మిడతలు మింగింది. అన్ని మిడతల్లోని విషం ఒకే కడుపులో చేరింది. ఆ ఒక్క కాలంలోనే ఐదు వేలకు పైగా గద్దల కళేబరాలను పరిశోధకులు లెక్క పెట్టారు. అంటే మిడతలను ఉచితంగా తినే కూలీలను మిడతల మందే చంపింది. ఆ తర్వాత ఆ దేశం ఆ మందును మాన్పించే చర్యలు తీసుకుంది.

మోనోక్రోటోఫాస్ పేరు మన పత్తి రైతులకు కొత్తది కాదు. ఆదోని, ఎమ్మిగనూరు ఊళ్ళల్లో ఆ డబ్బా పట్టని చెయ్యి తక్కువ. మన దేశంలో 2005లో కూరగాయల మీద దాని వాడకాన్ని నిషేధించారు. 2023లో కేంద్ర ప్రభుత్వం మోనోక్రోటోఫాస్ 36 శాతం మందు రిజిస్ట్రేషన్‌ను రద్దు చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. కాబట్టి ఇంట్లో మూలన పాత డబ్బా ఉంటే దాన్ని వాడకండి, పక్కవాళ్ళకు ఇవ్వకండి. ఇదే జాతి మందులు వేరే పేర్లతో ఇంకా ఉన్నాయి. అవి పిట్ట నరాల మీద ఎట్లా పని చేస్తాయో, మందు కొట్టే మనిషి నరాల మీద కూడా అట్లాగే పని చేస్తాయి. గట్టున పిట్ట చచ్చి పడి ఉంటే అది మీకు కూడా హెచ్చరికే.

ఎలుకల మందుతోనూ ఇదే తంటా. మందు తిన్న ఎలుక బొరియ బయట పడి ఉంటే గుడ్లగూబ, పిల్లి గద్ద దాన్ని తింటాయి. మందు పెట్టిన మర్నాడు పొద్దున్నే చచ్చిన ఎలుకలను ఏరి, లోతుగా గుంత తీసి పూడ్చండి.

నాగాలాండ్‌లో ఒక ఊరు మనసు మార్చుకుంది

పిట్టలు తగ్గిపోతే మనం చేసేదేముందని నిరాశ పడనక్కర లేదు. నాగాలాండ్ రాష్ట్రంలో దొయాంగ్ జలాశయం పక్కన పాంగ్తి అనే ఊరు ఉంది. అమూర్ డేగ అనే చిన్న వలస పక్షులు అక్టోబరులో అక్కడ లక్షల సంఖ్యలో దిగుతాయి. 2012లో అక్కడ వలలు కట్టి వాటిని వేలకు వేలుగా పట్టి చంపి అమ్ముతున్న సంగతి లోకానికి తెలిసింది. ఆ డబ్బు బీదవాళ్ళకు అవసరమే. అయినా ఊరి పెద్దలు, అటవీ శాఖ, చర్చివాళ్ళు, సంఘాలవాళ్ళు కూర్చొని మాట్లాడుకున్నారు. వేటను ఊరే నిషేధించుకుంది. 2013లో ఒక్క వల కూడా కట్టలేదు.

ఆ ఏడాది నవంబరులో మూడు డేగలకు చిన్న యంత్రాలు కట్టి వదిలారు. వాటికి నాగా, పాంగ్తి, వోఖా అని పేర్లు పెట్టారు. అవి బంగాళాఖాతం వైపు దిగి, దక్కను దాటి, అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికాకు చేరాయి. అంటే నవంబరులో ఈ డేగలు మన ద్వీపకల్పం మీదుగానే పోతాయి. దారిలో వాటికి ఇష్టమైన తిండి ఉసిళ్ళు, మిడతలు. పాంగ్తి ఊరివాళ్ళు వల తీసేసినందువల్ల బతికిన డేగ, మన దక్కను చేలల్లోని పురుగును తిని ముందుకు పోతుంది. ఒక ఊరి మంచి ఇంకో ఊరికి ఇట్లా చేరుతుంది.

మరి మన చేనులో చేయాల్సింది ఏమిటి?

ఒకటి: కంది, శనగ, పత్తి చేలల్లో ఎకరాకు 20 చొప్పున పక్షి స్థావరాలు పెట్టండి. దీనికి డబ్బు ఖర్చు లేదు. పంగ ఉన్న కంప కట్టెలు, ఎండిన కొమ్మలు చాలు. పైరు కంటే ఒక అడుగు, రెండడుగులు ఎత్తు ఉండాలి. శనగలో అక్కడక్కడ నాలుగు జొన్న గింజలు వేసినా, ఎదిగాక పిట్ట వాలడానికి పనికొస్తుంది. ఏట్రింత, పాలపిట్ట అక్కడ కూర్చొని పచ్చపురుగును ఏరుతాయి. కాయలు గట్టిపడి, గింజ కోతకు వచ్చే ముందు కట్టెలు తీసేయండి. లేకపోతే గింజ తినే పిట్టలకు ఆసరా అవుతుంది.

రెండు: ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు పెట్టి, రోజూ పడే మగ రెక్కల పురుగులను లెక్క పెట్టండి. పక్కవాడు కొట్టాడని మీరు కొట్టకండి. మీ బుట్టలో ఏముందో చూసి నిర్ణయించుకోండి.

మూడు: ఆముదంలో దాసరి పురుగు కనిపించగానే డబ్బా ఎత్తకండి. గోరింకలు, ఏట్రింతలు దాన్ని బాగా తింటాయి. పురుగు వెనక భాగాన తెల్లని చిన్న గూడు అంటుకొని ఉంటే, ఆ పురుగును ఒక మేలు చేసే కందిరీగ ముందే పట్టిందని అర్థం. అట్లాంటివి ఎక్కువగా ఉంటే మందు వద్దు. ఆకు నాలుగో వంతు దాకా పోయినా ఆముదం తట్టుకుంటుంది.

నాలుగు: మందు తప్పనిసరి అయితే వేప గింజల కషాయంతో మొదలు పెట్టండి. రసాయన మందు కొట్టాల్సి వస్తే సాయంత్రం పూట, పిట్టలు చేను వదిలాక కొట్టండి. రెండు మూడు మందులు ఒకే డబ్బాలో కలపకండి.

ఐదు: ఊరి బీడును, వంక పోరంబోకు గడ్డిని చలికాలంలో తగలబెట్టకండి. ఏప్రిల్ దాకా అది పిల్లి గద్దకు పడక. మేత కోసుకోవచ్చు, మేపుకోవచ్చు. అగ్గి మాత్రం పెట్టకండి.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పాలి. పిట్టలు అన్ని పురుగులకూ మందు కాదు. పత్తి కాయ లోపల దాగిన గులాబీ రంగు పురుగు పిట్టకు అందదు. పచ్చదోమ, తామర పురుగు వంటి రసం పీల్చే పురుగులను అది ఏరలేదు. పిట్ట పని ఆకు మీద, నేల మీద తిరిగే పురుగును, మిడతను, ఎలుకను అదుపులో ఉంచడం. అది జరిగితే మీరు కొట్టే మందుల్లో ఒకటో రెండో తగ్గవచ్చు. మూడెకరాల రైతుకు ఒక్క మందు తగ్గినా దాని ధర, ట్యాంకు మోసే కూలి, నీళ్ళ బండి ఖర్చు మిగులుతాయి. ఆ డబ్బు చిన్నది కాదని సుగ్గికి పోయే ఇంట్లో అందరికీ తెలుసు.

ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు

చూడడం ఎట్లా అంటారా? బడికి పోయే పిల్లల్లో ఒకర్ని వెంట తీసుకుపోండి. వాళ్ళ కళ్ళు చురుకు, రాయడమూ వాళ్ళకు సరదా. ఒక స్థావరం మీద ఏట్రింత గంటలో ఎన్నిసార్లు కిందికి దిగిందో గీతలు గీయమనండి. ఆ గీతల్లో సగం ఉత్త దిగుడే అనుకున్నా, మిగిలిన సగం పురుగులే. పది కట్టెలకు, పది గంటలకు లెక్క మీరే కట్టుకోండి. పిల్లి గద్ద మొదట కనిపించిన తేదీ, కార్తె పేరు రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది అదే కార్తెలో మళ్ళీ చూడండి. రెండు మూడేళ్ళ లెక్కలు చేతిలో ఉంటే మీ ఊరికి వచ్చేవాళ్ళు పెరిగారా, తగ్గారా అన్నది ఇంకొకరు చెప్పాల్సిన పని ఉండదు.

చచ్చిన పిట్ట కాలికి లోహపు ఉంగరం కనిపిస్తే పారేయకండి. పక్షుల దారి తెలుసుకోవడానికి ముంబైలోని బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ వంటి సంస్థలు అట్లా ఉంగరాలు తొడుగుతాయి. దాని మీది నంబరు, దొరికిన ఊరు, తేదీ రాసి, ఉంగరం మీద ఉన్న సంస్థకు తెలపండి. మీరు రాసే ఆ ఒక్క కార్డు ముక్కతో, ఎక్కడో తొడిగిన ఉంగరం కథ పూర్తవుతుంది. పిట్టలు గుంపుగా చచ్చి పడి ఉంటే చేత్తో ముట్టుకోకుండా అటవీ శాఖ వాళ్ళకు, పశువైద్యునికి చెప్పండి.

పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ పుట్టిన రోజు నవంబరు 12. ఆ రోజును పక్షులను చూసే రోజుగా జరుపుతారు. అప్పటికి మనకు విశాఖ కార్తె. శనగ మొలకెత్తి, కంది పూత మీద ఉంటుంది. వలస వచ్చిన పిట్టలన్నీ చేలల్లోనే ఉంటాయి. మీ ఊరి బడి పంతులుకు చెప్పి, ఆ రోజు పిల్లలను ఒక గంట చేల గట్ల మీదికి పంపించమనండి.

పురుగు ఉధృతి, మందుల విషయంలో అనుమానం వస్తే ఎమ్మిగనూరు దగ్గరి బనవాసి కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, మీ ఊరి రైతు సేవా కేంద్రంలో గానీ అడగండి. కిసాన్ కాల్ సెంటరు నంబరు 1800-180-1551కు ఫోను చేస్తే డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడతారు. ఫోను చేసేటప్పుడు చేనులో ఎన్ని పురుగులు చూశారో దానితో పాటు ఎన్ని పిట్టలు చూశారో కూడా చెప్పండి.